19 రోజులు మిగిలిన వోచర్

అమెరికా వచ్చాక మేం మొదట కొన్న ఇల్లు న్యూజెర్సీలో ఒక చిన్న ఊళ్లో టౌన్‌హౌస్. రెండు పడగ్గదులు, కింద బేస్‌మెంటు. పిల్లలు ఎదిగాక ఎడిసన్‌కి మారిపోయి దాన్ని అద్దెకిచ్చాం. ఆ అద్దె వ్యవహారమంతా నాదే. మా ఆయనకి ప్లంబర్ నంబరు కూడా తెలీదు. 2024 వేసవిలో అందులో ఉన్నవాళ్లు ఖాళీ చేశారు. ప్రకటన పెట్టిన రెండో రోజే ఒకావిడ ఫోన్ చేసింది. ఇల్లు ఎలా ఉంటుందని కూడా అడక్కుండా, "మీరు వోచర్ తీసుకుంటారా?" అంది.

కూపన్ లాంటిదేదో అనుకున్నాను. కనుక్కుని చెప్తానని పెట్టేశాను.

సాయంత్రం ఓక్‌ట్రీ రోడ్డులో మన కూరగాయల కొట్లో బెండకాయలు ఏరుతూ స్నేహితురాలితో ఈ సంగతి అంటే, తన చేతిలో సంచీ ఆగిపోయింది. "సెక్షన్ 8 అక్కా అది! తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల అద్దెలో కొంత గవర్నమెంటు కడుతుంది. వద్దు. ఇల్లు గుల్ల చేస్తారు, గవర్నమెంటు డబ్బు ఎప్పుడొస్తుందో తెలీదు. ఇల్లు అయిపోయిందని చెప్పెయ్." మా రియల్టర్ మాత్రం వేరే మాట చెప్పాడు. వోచర్ ఉందన్న కారణంతో ఇల్లు ఇవ్వననడం న్యూజెర్సీలో వివక్ష కిందికి వస్తుందట. మొదటిసారి దొరికితేనే 10,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చట. నిజం ఒప్పుకుంటాను, ఆ చట్టం లేకపోతే నేనూ "అయిపోయింది" అనేసేదాన్నే. టెక్సాస్‌లో ఉన్న మా మరిదికి ఈ తలనొప్పి లేదు. మాజీ సైనికుల విషయంలో తప్ప నగరాలేవీ ఇలాంటి నిబంధన పెట్టకూడదని అక్కడ రాష్ట్రమే 2015లో చట్టం చేసింది.

ఆవిడ ఇల్లు చూడ్డానికి శనివారం వచ్చింది. నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లని చూసుకునే ఉద్యోగం, ఇద్దరు ఆడపిల్లలు. వంటగది చూశాక హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం, మడతల దగ్గర చిరక్కుండా టేపు వేసి ఉంది. గడువు తేదీ మీద వేలు పెట్టి, "ఇంకా 19 రోజులుంది" అంది. ఆ కాగితం కోసం వెయిటింగ్ లిస్టులో ఆరేళ్లు ఉందట. చేతికొచ్చాక ఇల్లు వెతుక్కోడానికి 60 రోజులిచ్చారు, అవి అయిపోయాయి. ఒకసారి పొడిగించారు, అదీ అయిపోవస్తోంది. గడువు దాటితే కాగితం చెల్లదు, మళ్లీ లిస్టు చివర నించోవాలి.

ఆ రాత్రి కూర్చుని చదివాను. 1974 చట్టంతో మొదలైన పథకం ఇది. డబ్బు కేంద్రంలో హడ్ అనే గృహనిర్మాణ శాఖది, నడిపేది దేశమంతటా ఉన్న రెండు వేలకు పైగా స్థానిక హౌసింగ్ అథారిటీలు. దాదాపు 23 లక్షల కుటుంబాలు దీని మీద బతుకుతున్నాయి. ఇల్లు ప్రభుత్వానిది కాదు, మాలాంటి వాళ్లది. అద్దెదారు తన ఆదాయంలో, కొన్ని మినహాయింపులు పోను, ఇంచుమించు 30 శాతం కడుతుంది. మిగతాది అథారిటీ నేరుగా ఇంటివాళ్లకి పంపుతుంది. అర్హత ఉన్నా ఇలాంటి అద్దె సాయం అందేది నలుగురిలో ఒకరికే. ఆ ఒక్కరికీ కాగితం దొరికిందంటే ఇల్లు దొరికినట్టు కాదు. పదిమంది కాగితం పట్టుకుని బయల్దేరితే సుమారు ఆరుగురే ఇంట్లో దిగగలుగుతున్నారు.

మా నాన్న అప్పుడు మా దగ్గరే ఉన్నారు. తెనాలి దగ్గర మండలాఫీసులో చేసి రిటైరయ్యారు. విని నవ్వారు. "మన దగ్గర చేతిలో పట్టా ఉండి స్థలం ఎక్కడుందో తెలీనివాళ్లు లేరూ? ఇదీ అంతే."

సరే, ఇద్దామనుకున్నాం. అసలు కథ అక్కడ మొదలైంది.

మొదట ఒక ఫారం నింపాలి, ఫలానా ఇంటిని ఫలానా వోచర్ కింద ఒప్పుకోండని అథారిటీకి చేసే విజ్ఞప్తి. అద్దె ఎంత, కరెంటు ఎవరిది, గ్యాస్ ఎవరిది, ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారు, అన్నీ రాయాలి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే సీసం కలిసిన గోడ రంగుల గొడవ ఉంటుంది, మాది ఆ తర్వాతది కాబట్టి బతికిపోయాం. ఈ ఫారం అందిన రోజున వోచర్ గడియారం ఆగుతుంది. వాళ్లు అవునో కాదో తేల్చేదాకా ఆ రోజులు లెక్కలోకి రావు. ఈ సంగతి ఆవిడే నాకు చెప్పింది, చెప్తూనే "ఇవాళే పంపుతారా?" అంది. రాత్రి పదకొండింటికి స్కాన్ చేసి పంపాను.

తర్వాత నిశ్శబ్దం. వారం పోయింది. ఫోన్ చేస్తే వాయిస్ మెయిల్ నిండిపోయిందని మిషన్ చెబుతుంది. ఈమెయిల్‌కి జవాబు లేదు. ఇల్లు ఖాళీ, మార్ట్‌గేజ్, అంటే ఇంటి లోను కంతు మాత్రం ఒకటో తారీఖున ఠంచనుగా పోతోంది. అథారిటీ చిన్నదైతే పదిహేను రోజుల్లోపు ఇల్లు చూసి చెప్పాలని నిబంధన ఉంది. పదమూడో రోజున ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

అరవై దాటిన మనిషి. మోకాళ్లు పట్టుకుంటూ బేస్‌మెంటు మెట్లు దిగాడు. జేబులోంచి మూడు చిన్న దీపాలున్న టెస్టర్ తీసి వంటగది సింకు పక్కన ప్లగ్గులో పెట్టాడు. రెండు పసుపు దీపాలు వెలిగాయి. దాని మీదున్న నల్ల బటన్ నొక్కాడు. కరెంటు టక్కున ఆగిపోవాలి, ఆగలేదు. మళ్లీ నొక్కాడు. నా వంక చూశాడు. ఆ ఇంట్లో ఉన్న పన్నెండేళ్లూ ఆ ప్లగ్గులోనే మిక్సీ తిప్పి ఇడ్లీ పిండి రుబ్బాను నేను. తడి చేత్తో ముట్టుకుంటే కాపాడాల్సిన ప్లగ్గు ఎప్పుడో చచ్చిపోయిందన్న మాట. తర్వాత ముందు పడగ్గది కిటికీకి గడియ పట్టడం లేదు. వాటర్ హీటర్ పక్కన వేడినీళ్లు కిందికి వదిలే గొట్టం లేదు. ప్రెషర్ పెరిగితే మరిగే నీళ్లు మనిషి మొహాన కొడతాయని చేత్తో చూపించాడు. మూడు తప్పులు, ఫెయిల్.

బాగుచేయించడానికి రెండు రోజులు పట్టింది, 310 డాలర్లు అయ్యాయి. మళ్లీ ఇన్‌స్పెక్షన్‌కి తేదీ దొరకడానికి పన్నెండు రోజులు! అప్పుడు నాకు కోపం వచ్చింది. తప్పు నాదే అయినా వచ్చింది. ఆఫీసుకే పోయి అడుగుదామని కారు తీశాను. నాన్న కూడా వస్తానన్నారు.

అథారిటీ ఆఫీసులో కౌంటర్ కిటికీలు రెండుంటే ఒకటి మూసి ఉంది. కుర్చీల్లో పిల్లలతో తల్లులు, చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన. గంటకు పైగా కూర్చున్నాక మా ఫైలు చూసే కేస్‌వర్కర్ పిలిచింది. చిన్న గది, టేబుల్ పక్కన నేల మీద కూడా ఫైళ్లు. నేను మొదలుపెట్టబోతుంటే నాన్న తెలుగులో నెమ్మదిగా అన్నారు: "ఆ అమ్మాయిని తిట్టకు తల్లీ. రేషన్ కార్డులప్పుడు నేనూ ఇలాగే కూర్చునేవాణ్ని. కోటా పైనుంచి వస్తుంది, తిట్లు కిందినుంచి వస్తాయి."

తిట్టలేదు. ఎందుకింత ఆలస్యమని అడిగాను. ఆమె తప్పించుకోకుండా చెప్పింది, బహుశా అడిగేవాళ్లు తక్కువేమో. రెండు పోస్టులు ఖాళీ. ఉన్న ఒక్క ఇన్‌స్పెక్టర్ కాంట్రాక్టు మీద పక్క ఊరికి కూడా పనిచేస్తాడు. జీతాలు పెంచుదామంటే డబ్బు లేదు, ఎందుకంటే ఆఫీసు నడపడానికి హడ్ ఇచ్చే ఫీజు, ప్రతి నెలా ఒకటో తారీఖు నాటికి ఎంతమంది అద్దె ఇళ్లలో ఉన్నారన్న లెక్క మీద వస్తుంది. వోచర్ చేతిలో పెట్టుకుని వెతుక్కుంటున్న మనిషి ఆ లెక్కలో ఉండదు. ఆమె ఆదాయం కాగితాలు సరిచూడాలి, గడువు పొడిగించాలి, ఇంటివాళ్లతో మాట్లాడాలి, ఇల్లు చూడాలి. ఇల్లు దొరక్కపోతే చేసిన పనికి పైసా రాదు. ఆ ఫీజైనా సూత్రం ప్రకారం రావాల్సినంత రాదు. కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, ఇచ్చిన మొత్తాన్ని బట్టి ఏటా కోత పెడతారు.

అంటే నేను తలుపు వేసి వోచర్ ఉన్నావిణ్ని పంపేసిన ప్రతిసారీ ఆఫీసుకి కూడా నష్టమే. ఆ నష్టంతో ఆఫీసులో పనిచేసే మనిషి ఒకడు తగ్గుతాడు, మనిషి తగ్గితే ఇన్‌స్పెక్షన్ ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే మా స్నేహితురాలి లాంటివాళ్లు "చెప్పాను కదా" అంటారు. ఈ గొలుసులో నేను ఎక్కడున్నానో ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసింది.

ఇంకో చిక్కు కూడా చెప్పింది. అద్దెలకిచ్చే డబ్బు గత ఏడాది ఖర్చును బట్టి ఇస్తారు. వాడకుండా మిగిల్చితే వచ్చే ఏడాది కోత పడొచ్చు. ఎక్కువమందికి ఇచ్చి, మధ్యలో అద్దెలు పెరిగితే లోటు పడుతుంది. లోటు పడితే కొత్త వోచర్లు ఆపాలి, ఒక్కోసారి ఇల్లు వెతుక్కుంటున్నవాళ్ల చేతుల్లోంచి కూడా వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. అద్దెలు పెంచేది మేం, వందమంది డబ్బు తొంభైమందికే సరిపోతే ఆ పదిమందికి జవాబు చెప్పేది వీళ్లు. "మీ అద్దెదారు కాగితం అలా పోకూడదనే తొందరపడుతున్నాను" అందామె.

ఆ తొందరలోనే అద్దె బేరం కూడా అయింది. నేను నెలకి 2,225 డాలర్లు అడిగాను. వాళ్లు చుట్టుపక్కల మూడు ఇళ్ల అద్దెలతో పోల్చి 2,150 అన్నారు. ఆ ప్రాంతపు సగటు ఇళ్లకన్నా కాస్త తక్కువ స్థాయిలో హడ్ ఏటా ఒక అద్దె నిర్ణయిస్తుంది. అథారిటీ తన అద్దె పరిమితిని మామూలుగా దానికి 90 నుంచి 110 శాతం మధ్య పెట్టుకోవాలి. పరిమితిలో ఉన్నా సరే, పక్కింటి కన్నా ఎక్కువ అడక్కూడదు. మా ఆయన ఆఫీసులో ఒకాయన సలహా చెప్పాడు: "కాగితం మీద 2,150 రాయించి, పార్కింగ్ పేరు చెప్పి ఓ వంద ఆవిడ దగ్గర విడిగా తీసుకోండి." అది నేరుగా మోసం. అథారిటీతో చేసుకునే ఒప్పందంలోనే అలా తీసుకోకూడదని ఉంది. 2,150కే ఒప్పుకున్నాను.

లెక్క ఇలా తేలింది. ఆవిడ లెక్కలోకి వచ్చే నెల ఆదాయం 2,300. అందులో 30 శాతం 690. కరెంటు, గ్యాస్ తనే కట్టుకుంటుంది కాబట్టి దానికోసం 150 తీసేస్తే నాకు ఆవిడ ఇచ్చేది 540. అథారిటీ పంపేది 1,610. రెండోసారి ఇన్‌స్పెక్షన్ పది నిమిషాల్లో పాసయింది. ఇన్‌స్పెక్టర్ ఆ ప్లగ్గు దగ్గర బటన్ నొక్కి, దీపాలు ఆరిపోగానే నాకు బొటనవేలు చూపించాడు. ఇవి కాక ఊరి మునిసిపాలిటీ ఇచ్చే పొగ అలారం సర్టిఫికెట్ వేరే. వంటగదికి పది అడుగుల లోపు మంటలార్పే సిలిండర్ గోడకి తగిలించాలి.

ఆవిడ ఇంట్లో దిగింది. మొదటి నెల అథారిటీ డబ్బు రాలేదు. రెండో నెల ఇరవయ్యో తారీఖున రెండు నెలలదీ కలిపి 3,220 ఒకేసారి బ్యాంకులో పడింది. ఆ యాభై రోజులూ స్నేహితురాలు ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చిందా?" అని అడిగేది. ఆ తర్వాత ఒక్క నెల కూడా తప్పలేదు. 2025 అక్టోబరు, నవంబరుల్లో బడ్జెట్ కుదరక కేంద్ర ప్రభుత్వం 43 రోజులు మూతపడినప్పుడు భయపడ్డాను, అప్పుడూ ఆగలేదు. కానీ అదే ఏడాది ఇంకో వార్త చదివాక కేస్‌వర్కర్ మాటలు గుర్తొచ్చాయి. కోవిడ్ కాలంలో, 2021లో, ఇల్లు లేనివాళ్ల కోసం 70,000 అత్యవసర వోచర్లిచ్చారు. వాటి డబ్బు 2026లో అయిపోతుందని హడ్ అథారిటీలకి ముందే చెప్పేసింది. ఆ కుటుంబాలకి ఆ మాట చెప్పాల్సింది మళ్లీ ఆ కిటికీ వెనకున్నవాళ్లే.

నా పద్ధతీ కొంచెం మారింది. ఏడాదికోసారి ఆవిడ ఆదాయం తిరిగి లెక్కేస్తారు. పోయినసారి డ్యూటీ గంటలు పెరిగి ఆవిడ వాటా 540 నుంచి 615 అయింది, అథారిటీది ఆ మేరకి తగ్గింది. నేను మాత్రం అద్దె పెంచమని ఆ ఏడు అడగలేదు. మంచితనం కాదు, ఫారాలు మళ్లీ నింపే ఓపిక లేక.

మొన్న కేస్‌వర్కర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, వచ్చే మంగళవారం ఇన్‌స్పెక్షన్. కింద వేరే పేరు ఉంది. ఫోన్ చేస్తే పాతావిడ ఉద్యోగం మానేసిందన్నారు. శనివారం పొద్దున వెళ్లి ప్లగ్గు బటన్ నొక్కి చూశాను, ఆగింది. కిటికీ గడియ వేసి తీశాను. నేను వెళ్లబోతుంటే అద్దెకున్నావిడ చిన్నపిల్ల, తనూ నొక్కి చూస్తానని కుర్చీ లాక్కుంది.