నీరటి చేతిలో తూము

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చెరువు కింద నీళ్లు పంచే మనిషి నీరటి. కొన్ని ఊళ్లలో నీరడి అంటారు. చాలామంది ఇళ్లకు ఇంటిపేరుగా కూడా మిగిలింది. చెరువు నీళ్లను కాల్వకు వదిలే తూము తీయడమే అతని పని అనుకుంటారు గానీ, పనితనమంతా మూయడంలోనే ఉంటుంది.

పాత రాతితూములో కట్ట లోపలివైపు, నీళ్లలో రెండు రాతికంబాలు, వాటి నడుమ రంధ్రాలున్న అడ్డబండలు ఉంటాయి. ఆ రంధ్రాల్లోంచి నిలువుగా దిగిన కర్ర కొసన, కిందికి సన్నగా చెక్కిన కట్టె బిరడా. అది అడుగుబండ బెజ్జంలో కూర్చుంటే నీళ్లు ఆగుతాయి. కింద రాయో కొమ్మో ఇరికితే ఎంత దించినా కూర్చోదు, రాత్రంతా కారుడే. అప్పుడు నీరటి మునిగి, సందుల్లో వరిగడ్డి, బంకమట్టి కుక్కాలి. నీళ్లు గుంజే బెజ్జం దగ్గర చెయ్యి పెడితే ప్రాణం మీదికే వస్తుంది. తర్వాత వచ్చిన ఇనుప తలుపులకు మునిగే పని లేదు. కాకపోతే గ్రీజు పెట్టక మర బిగుసుకుంటుంది, బలవంతంగా తిప్పితే కడ్డీ వంగుతుంది.

వానకాలం ఎట్లనో గడుస్తుంది. తకరారంతా యాసంగిలోనే, అంటే వానకాలం తర్వాతి పంటలోనే. చెరువులో ఉన్న నీళ్లను బట్టి ఎన్ని ఎకరాలు సాగు చేయాలో ముందే తేల్చుకోవడాన్ని తైబందీ అంటారు. వరికి 4 అడుగుల నీళ్లు కావాలనుకుంటే పది లక్షల ఘనపుటడుగులు ఆరెకరాలకు కూడా చాలవు. ఎండకు ఆవిరయ్యేది, కాల్వలో ఇంకేది ఇంకా తీసెయ్యాలి. ఆశపడి ఎక్కువ నాటితే పొట్టదశలో నీళ్లు తప్పి అందరి పొలాలూ ఎండుతాయి.

వంతు కొస పొలాల నుంచి మొదలవ్వాలి. తూము దగ్గరి మళ్లు ముందు తడిపితే అవి పొంగిపోతాయి, కొసకు నీళ్లు చేరేలోపే వంతు అయిపోతుంది. అందుకే నీరటి పారతో కాల్వ వెంట తిరుగుతూ పొలాల్లోకి నీళ్లు మళ్లే మడవలు మూస్తాడు, ఎండ్రికాయల బొరియలు పూడుస్తాడు.

గొడవ పెట్టేది ఆయకట్టు రైతులొక్కరే కాదు. శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో పంట వేసినవాళ్లకు నీళ్లు తగ్గాలి, అందుకని చీకట్లో తూము విప్పుతారు. చేపలు పట్టేవాళ్లు, చెరువు నిండితే ఎక్కువ నీళ్లు పొర్లిపోయే మత్తడికి అడ్డంగా వలలు కడతారు. వాటికి చెత్త పట్టి నీళ్లు ఎగదన్నితే కట్ట తెగుతుంది. పెద్దవాన రాత్రి నీరటి మొదట చూడాల్సింది తూము కాదు, మత్తడి.

ఇంత పనికి దక్కేది కల్లంలో కొలిచే మేర, అంటే పంటలో అతని వాటా గింజలు. ఊరి పంట ఎండితే అతని గింజలూ పోయినట్టే. జీతం కంటే ఆ లెక్కే పనిని గట్టిగా నిలబెట్టిందనిపిస్తుంది. కొన్నిచోట్ల ఇనాం భూమి కూడా ఉండేది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు, తూములు బాగుచేశారు. ఆ తూము తాళంచెవి ఎవరి దగ్గరుండాలో మాత్రం చాలా ఊళ్లలో ఇంకా పంచాయితే.