గుట్ట కింద నాయనమ్మ

"ఈ కొండ దగ్గర కూడా నాయనమ్మ చెప్పుల దగ్గరే కూర్చుంటుందా?"

పాప ఈ మాట అడిగేసరికి నేను మంచి ఊపులో ఉన్నాను. మే నెలాఖరులో, పెంతెకొస్తు సెలవులకు అమ్మ హనుమకొండ నుంచి మ్యూనిక్ వస్తోంది. ఆమెను ఆల్ప్స్‌కు తీసుకెళ్లి మంచు చూపించాలని నా పట్టుదల. కంప్యూటర్ తెర నిండా జుగ్‌ష్పిట్సె శిఖరం. 2,962 మీటర్లు, జర్మనీలో దాన్ని మించిన ఎత్తు లేదు. ఐబ్‌జే చెరువు దగ్గర కేబుల్ కారు ఎక్కితే పది నిమిషాల్లో శిఖరం మీద దిగుతాం, 2017 డిసెంబరులో మొదలైంది, అంత దూరానికీ ఒకే ఒక్క స్తంభం, దాని ఎత్తు 127 మీటర్లు అని తొమ్మిదేళ్ల పిల్లకు వివరిస్తున్నాను. వేయి స్తంభాల గుడి ఉన్న ఊరివాడిని, స్తంభం కనబడితే లెక్కపెట్టకుండా ఉండలేను. అదేమీ దాని చెవికెక్కలేదు. చెప్పుల సంగతి అడిగింది.

పోయిన డిసెంబరులో ఊరికి వెళ్లినప్పుడు పద్మాక్షి గుట్ట మీది అమ్మవారి గుడికి ఎక్కాము. మోకాళ్లు పట్టేసిన అమ్మ కింద ఒక రాతి మీద కూర్చుంది, మా చెప్పుల జతలు ముందు పెట్టుకొని. రామప్ప గుడిలోనూ అంతే. ఆ ఎత్తైన నక్షత్రాకారపు అరుగు చూసి, "మీరు చూసి రండి, నేను చూడనిదా?" అని చెట్టు నీడకు వెళ్లిపోయింది. 1213లో కట్టిన గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిందని అరుగు మీద నిలబడి నేను గర్వంగా పాఠం చెబుతున్నాను. పాప మాత్రం వెనక్కి తిరిగి నాయనమ్మనే చూస్తూ ఉందని నాకు ఇప్పుడు తెలిసింది. పెద్దవాళ్లు కింద కూర్చుంటారు, ప్రసాదం వాళ్ల దగ్గరకు వస్తుంది. మా ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న ఏర్పాటు అది. అందులో లోపం ఉందని నాకు ఏనాడూ తోచలేదు.

"నాయనమ్మ రాలేని కొండకు నేనూ రాను" అని తేల్చేసింది.

నాకు కోపం వచ్చింది. పెద్దలను గౌరవించడం మన సంస్కృతి అని దీనికి నూరిపోసింది నేను. ఆదివారం పొద్దున్నే మంచులో కారు నడుపుకొంటూ తెలుగు బడికి తీసుకెళ్లేది నేను. నాయనమ్మ కాళ్లకు మొక్కమని చెప్పిందీ నేనే. ఆ కాళ్లు ఎన్ని మెట్లు ఎక్కగలవని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. ఆ ప్రశ్న దీనికి ఇక్కడి బడిలో అబ్బిందని ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

వాళ్ల బడిలో ఒక జర్మన్ మాట ఉంది, "బారియెరెఫ్రై". చక్రాల కుర్చీ సాఫీగా వెళ్లగలిగే చోటు. తెలుగులో ఏమంటారని అడిగింది. "అందుబాటు" అన్నాను. "అది ధరలకు కదా నాన్నా" అంది. తెలుగు బడి చదువు నా మీదకే తిరగబడుతుందనుకోలేదు. "సుగమం" అని పుస్తకాల్లోంచి ఒక మాట లాగాను. ఫోనులో చెబితే "అంటే ఏమిటిరా?" అని అమ్మే అడిగింది. చివరకు "మెట్లు లేని దారి" దగ్గర ముగ్గురికీ కుదిరింది.

అప్పటి నుంచి మెట్లు లెక్కపెట్టే మనిషినయ్యాను. ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను: హోటల్ వాళ్లు లిఫ్టు ఉందంటే నమ్మకండి. ఒక హోటల్లో నిజంగానే ఉంది, దాన్ని చేరడానికి అయిదు మెట్లున్నాయని రెండో ఉత్తరంలో తేలింది. స్నానాల గది గడప ఫొటో అడగండి. చలికాలం రద్దీ పోయి వేసవి రద్దీ మొదలయ్యేలోపు చాలా చోట్ల కేబుల్ కార్లను మరమ్మతులకు ఆపుతారు. కాబట్టి తేదీలు చూడకుండా మే నెలలో టికెట్లు కొనకండి. దివ్యాంగుల కోసం ఇక్కడ ఒక తాళంచెవి ఉంది, 1986లో డార్మ్‌స్టాట్‌లో మొదలైంది. ఆ ఒక్క చెవితో జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో వేలాది మరుగుదొడ్లు తెరుచుకుంటాయి. వైకల్య ధ్రువపత్రం ఉంటేనే ఇస్తారు. అమ్మ మోకాళ్లకు ధ్రువపత్రం ఎక్కడిది?

అన్నిటికంటే ముందు చూడవలసిన ఎత్తు సంగతి నాకు చివర గుర్తొచ్చింది. జుగ్‌ష్పిట్సె మీదికి చక్రాల కుర్చీతో నేరుగా వెళ్లవచ్చు, నిజమే. కానీ అక్కడ గాలిలో ఆక్సిజన్ సముద్ర మట్టం దగ్గర దొరికే దానిలో 70 శాతమే. 300 మీటర్లకు అటూఇటూ ఉన్న హనుమకొండ నుంచి వచ్చిన రక్తపోటు మనిషిని పది నిమిషాల్లో అంత ఎత్తుకు లేపుతానంటే డాక్టరు ఏమంటారో అడగాలని కూడా నాకు తోచలేదు. నా బుర్రలో ఉన్నదల్లా అమ్మ శాలువా కప్పుకొని మంచులో నిలబడిన ఫొటో. దాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఆ పది రోజులూ ఇంట్లో తెలుగు వినబడాలన్నది రెండో స్వార్థం.

ఇప్పుడు సరిహద్దు అవతల, ఆస్ట్రియాలోని టిరోల్‌లో ఉన్న జేఫెల్డ్ అనే ఊరు అనుకుంటున్నాము. 1,200 మీటర్ల ఎత్తులో చదునైన పీఠభూమి. మ్యూనిక్‌లో రైలెక్కితే గార్మిష్, మిటెన్‌వాల్డ్ మీదుగా ఊరి నడుమే దిగవచ్చు. ఆ కొండదారి రైలు 1912 నుంచీ నడుస్తోంది. చెరువు చుట్టూ చదునైన బాట, చుట్టూ కొండల తలల మీద ఇంకా కరగని మంచు. అమ్మ దాన్ని దూరం నుంచే చూస్తుంది. అంటే మళ్లీ కింద కూర్చోబెట్టినట్టేనా అన్న పురుగు నన్ను తొలుస్తూనే ఉంది. ఇంత రాసీ జుగ్‌ష్పిట్సె పేజీ ఇంకా మూయలేదు.

ఇన్ని లెక్కల్లో అమ్మను అడిగినవాడు లేడు. అది కూడా పాపే అడిగింది.

"నాకు గుట్టలెందుకు బిడ్డా, కింద కూర్చుంటే వచ్చేపోయేవాళ్లు కనబడతారు. మొన్న పూలమ్మే ఆమె తన కోడలి సంగతంతా చెప్పింది" అంది అమ్మ. ఆమెకు అది ఇష్టమో, ఎక్కలేక అలవాటు చేసుకున్న ఇష్టమో నాకు తెలియదు. బాపు ఉన్న రోజుల్లో, సద్దుల బతుకమ్మ నాడు తల మీద బతుకమ్మతో పద్మాక్షి గుట్టకు మా వాడలో అందరికంటే ముందు నడిచింది ఆమే.

చక్రాల కుర్చీ అద్దెకు తీసుకుందామంటే ససేమిరా అంది. శంషాబాద్ విమానాశ్రయంలో కూర్చున్నావు కదా అంటే, "అక్కడ అందరి అమ్మలూ వరసగా కూర్చుంటారు. మీ దగ్గరైతే నన్నొక్కదాన్నే చూస్తారు" అని జవాబు. "ఇక్కడ ఎవరూ చూడరు నాయనమ్మా" అని పాప హామీ ఇచ్చింది. ఎవరూ చూడరన్నది నిజమే. ఎవరూ పక్కన కూర్చొని కోడలి సంగతి చెప్పరన్నదీ నిజమే. ఆ రెండో సంగతి నేను పాపకు చెప్పలేదు.

నిన్న ఫోను పెట్టేసే ముందు అమ్మ అడిగింది, "ఇంతకూ అక్కడి గుట్టకు చెప్పులు విప్పాలా?"

"వద్దు నాయనమ్మా, బూట్లు వేసుకొనే రావాలి."

"అయితే నాకు కాపలా పని లేదన్నమాట" అంది. ఆ గొంతులో ఉన్నది సంతోషమో, పని పోయిన బెంగో, ఇన్నేళ్ల దూరం నుంచి నాకు పోల్చుకోవడం రాలేదు.