టోల్-లైక్ రిసెప్టర్లు బట్టీ పట్టకుండా గుర్తుండాలంటే: నా ఇమ్యునాలజీ ప్రిపరేషన్

ఇన్నేట్ ఇమ్యూనిటీ (పుట్టుకతో వచ్చే రక్షణ) చాప్టర్‌లో అందరికీ టెన్షన్ తెప్పించేది టోల్-లైక్ రిసెప్టర్ల (టీఎల్ఆర్‌ల), అంటే సూక్ష్మజీవుల గుర్తులను పసిగట్టే ప్రోటీన్ల పట్టికే. మనుషుల్లో ఇవి 10. ఏ నంబరు దేన్ని పట్టుకుంటుంది, ఏ అడాప్టర్‌ని (సంకేతాన్ని కణం లోపలికి అందించే ప్రోటీన్‌ని) వాడుతుంది అని వరుసగా బట్టీ పడితే పరీక్ష హాల్లో 7, 9 తారుమారవుతాయి. నేను చదివేటప్పుడు ప్రతి రిసెప్టర్ దగ్గరా ముందు చూసుకున్నది ఒక్కటే: ఇది కణంలో ఎక్కడుంది? అది తెలిస్తే మిగతాది చాలావరకు మనమే ఊహించగలం.

కణం పైపొర మీద ఉన్న 1, 2, 4, 5, 6 సూక్ష్మజీవి ఒంటి మీద కనిపించేవాటినే పట్టుకుంటాయి. ఫ్లాజెల్లిన్ (బ్యాక్టీరియా తోకలోని ప్రోటీన్) 5కి, లైపోపెప్టైడ్లు (కొవ్వు తగిలిన పెప్టైడ్లు) 1తోనో 6తోనో జతకట్టిన 2కి. ఎండోసోమ్‌లో (కణం మింగినదాన్ని ఉంచుకునే సంచిలో) ఉండే 3, 7, 8, 9 న్యూక్లియిక్ ఆమ్లాల కోసం. సూక్ష్మజీవిని మింగి చీల్చాకే కదా దాని డీఎన్ఏ, ఆర్ఎన్ఏ బయటపడేది! మన సొంత డీఎన్ఏ మామూలుగా ఎండోసోమ్‌లోకి రాదు కాబట్టి పొరపాటున మన మీదే దాడి జరగదు. లూపస్ అనే ఆటోఇమ్యూన్ జబ్బులో యాంటీబాడీలు మన న్యూక్లియిక్ ఆమ్లాలను మోసుకొచ్చి అక్కడికే చేరుస్తాయి, 7, 9 మేల్కొంటాయి. ఈ లింకు మీద ప్రశ్న వస్తే వదులుకోకండి.

4 మీద మాత్రం తీరిగ్గా కూర్చోండి. గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా పైపొరలోని ఎల్పీఎస్‌ని (లైపోపాలీశాకరైడ్‌ని) ముందు ఎల్‌బీపీ అనే ప్రోటీన్ అందుకుంటుంది, సీడీ14కి ఇస్తుంది, అది టీఎల్ఆర్4ని అంటిపెట్టుకునే ఎండీ-2కి చేరవేస్తుంది. ఎల్పీఎస్‌లోని లిపిడ్ ఎ భాగం ప్రధానంగా ఇమిడేది ఎండీ-2 గుంటలోనే. ఆ తర్వాతే రెండు టీఎల్ఆర్4లు జతకడతాయి. ఇది తేలిన తీరు నాకు ఎప్పటికీ ఇష్టమైన కథ. 1996లో హాఫ్‌మన్ బృందం టోల్ జన్యువు లోపించిన పండ్ల ఈగలు ఫంగస్‌ని తట్టుకోలేవని చూపింది. 1998లో బ్యూట్లర్ బృందం సీ3హెచ్/హెచ్ఈజే రకం ఎలుకల్లో టీఎల్ఆర్4లో 712వ అమైనో ఆమ్లం ప్రోలిన్ నుంచి హిస్టిడిన్‌గా మారిందని కనిపెట్టింది. ఆ ఎలుకలకు ఎల్పీఎస్ ఎక్కించినా షాక్ రాదు, కానీ గ్రామ్ నెగెటివ్ ఇన్‌ఫెక్షన్ వస్తే తేలిగ్గా లొంగిపోతాయి. చంపే వాపూ కాపాడే వాపూ ఒకే రిసెప్టర్ నుంచి మొదలవుతాయని ఇంతకంటే స్పష్టంగా ఏ పేరాగ్రాఫూ చెప్పలేదు. 2011 నోబెల్‌లో ఈ ఇద్దరికీ వాటా ఉంది.

రిసెప్టర్ తర్వాతి సిగ్నలింగ్‌ని ఒక్క గీతగా గీసుకోండి: మైడీ88 (ఇదే ప్రధాన అడాప్టర్), ఐరాక్‌లు, ట్రాఫ్6, టాక్1, ఐకేకే. ఐకేకే ఫాస్ఫేట్ తగిలించగానే ఎన్ఎఫ్-కప్పాబీని ఆపి ఉంచే ఐకప్పాబీ నాశనమవుతుంది, జన్యువులను మేల్కొలిపే ఎన్ఎఫ్-కప్పాబీ కేంద్రకంలోకి వెళ్తుంది. టీఎన్ఎఫ్, ఐఎల్-6 అనే వాపు సంకేతాలు (సైటోకైన్లు), ప్రో-ఐఎల్-1బీటా (ఐఎల్-1బీటాకి ముడి రూపం) తయారవుతాయి. టీఎన్ఎఫ్ రక్తనాళాల లోపలి పొరను మార్చి న్యూట్రోఫిల్స్‌ని ఆపుతుంది, ఐఎల్-6 కాలేయంలో సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ని పెంచుతుంది, ఐఎల్-1 జ్వరం తెస్తుంది.

ప్రో-ఐఎల్-1బీటా దగ్గరే పరీక్ష పెట్టేవాళ్లు ఆడుకుంటారు. ఎలుక మాక్రోఫేజ్‌లకు ఎల్పీఎస్ మాత్రమే ఇచ్చి వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను సైజును బట్టి విడదీసి చూపే పరీక్ష) చేస్తే కణాల్లో 31 కిలోడాల్టన్ల ప్రో రూపం దండిగా కనబడుతుంది, బయటి మీడియంలో 17 కిలోడాల్టన్ల బ్యాండ్ దాదాపు ఉండదు. ఏటీపీ కూడా ఇస్తే పొటాషియం బయటికి పోతుంది, ఎన్ఎల్ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రోటీన్ల గుంపుని కడుతుంది, కాస్పేజ్-1 అనే ఎంజైమ్ ప్రో భాగాన్ని కోస్తుంది. గాస్‌డెర్మిన్ డి అనే ప్రోటీన్ కణపొరలో చేసిన రంధ్రాల్లోంచి ఐఎల్-1బీటా బయటపడుతుంది. ఎన్ఎల్ఆర్‌పీ3 తీసేసిన కణాల్లో టీఎన్ఎఫ్ వస్తుందా అని అడిగితే, వస్తుంది. దానికి ఈ రెండో మెట్టుతో పనిలేదు. గౌట్ అనే కీళ్ల జబ్బులో యూరేట్ స్ఫటికాలు మీటేది కూడా ఎన్ఎల్ఆర్‌పీ3నే.

సైటోసాల్‌లో (కణద్రవంలో) ఆర్ఎన్ఏని పట్టుకునే రిగ్-ఐ, ఎండీఏ5లను మావ్స్‌తో, డీఎన్ఏని పట్టుకునే సీగ్యాస్‌ని స్టింగ్‌తో జతచేసి, చివర ఇంటర్‌ఫెరాన్ (వైరస్‌ని అడ్డుకునే సంకేతం) అని రాసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు పుస్తకం మూసి ఇది ప్రయత్నించండి. మైడీ88 లేని ఎలుక కణాలకు విడివిడిగా ఎల్పీఎస్, ఫ్లాజెల్లిన్, సీపీజీ (9 పట్టుకునే డీఎన్ఏ), పాలీ ఐసీ (3 పట్టుకునే ఆర్ఎన్ఏ) ఇచ్చారు. దేనికి స్పందన వస్తుంది? పాలీ ఐసీకి స్పందన నిలుస్తుంది, ఎందుకంటే 3 ఆధారపడేది ట్రిఫ్ అనే మరో అడాప్టర్ మీద. ఎల్పీఎస్‌కి ఎన్ఎఫ్-కప్పాబీ ఆలస్యంగానైనా మేల్కొంటుంది, ఎందుకంటే 4కి మైడీ88, ట్రిఫ్ రెండు దారులూ ఉన్నాయి. మిగతా రెండింటికీ టీఎల్ఆర్ స్పందన రాదు.