ఓనరు పక్షాన ఒక్కడు

"పుస్తకంలో ఏముందో మేమంతా చదివే వచ్చాం. మీరేమనుకుంటున్నారో చెప్పండి" అంది ఆవిడ. రిటైరైన టీచరు. గొంతులో కోపం లేదు, నవ్వూ లేదు. నేను అప్పటిదాకా మాథ్యూ డెస్మండ్ రాసిన ‘ఎవిక్టెడ్’ (అంటే ఇల్లు ఖాళీ చేయించినవాళ్లు) అనే పుస్తకాన్ని పది మార్కుల జవాబులా వరసగా అప్పజెప్పి, బాగానే మాట్లాడానని లోపల్లోపల సంతోషపడుతున్నాను.

ఇది 2016 చివర్లో, అమెరికాలోని మాడిసన్‌లో మా పేట లైబ్రరీలో జరిగింది. ఇక్కడి విస్కాన్సిన్ యూనివర్సిటీ 2009లో ‘గో బిగ్ రీడ్’ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఏడాదికొక పుస్తకం ఎంచుకునేవారు. కొత్తగా చేరిన పిల్లలకి స్వాగత సభ నాడే ఉచితంగా చేతిలో పెట్టేవారు. క్లాసుల్లో దాని మీద పాఠాలుండేవి, రచయిత వచ్చి మాట్లాడేవాడు, ఊరివాళ్ల కోసం ఎక్కడికక్కడ చర్చలు పెట్టేవారు. మన వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు చెప్పిన యూనివర్సిటీయే ఇది. నాకు మాత్రం దాని గడప తొక్కే పనే లేదు. ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్‌లో కాంట్రాక్టు ఉద్యోగిని, వీసా కాగితాలు తప్ప వేరే చదువు లేనివాణ్ణి. నన్ను లాక్కెళ్లింది మా ఆఫీసులో రాత్రిళ్లు శుభ్రం చేసే పెద్దాయన. నా టేబుల్ మీద పుస్తకం చూసి, తన సంచీలోంచి అదే పుస్తకం తీసి చూపించాడు. పేరు పెట్టి పిలవమంటాడు. నాకు నోరు రాక సార్ అంటాను. ఆయన నవ్వుతాడు.

టీచరమ్మ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. కొత్తవాణ్ణి, పరాయి దేశం వాణ్ణి, నలుగురిలో అలా నిలదీస్తారా? పెద్దవాళ్లున్న చోట ముందు వాళ్ల మాట విని, తర్వాత అందరికీ పనికొచ్చేది నాలుగు ముక్కలు చెప్పి కూర్చోవడం మనకి మర్యాద. "నాకేమనిపించిందంటే" అని మొదలెడితే మా ఇంట్లో మా బాబాయి "నీకేమనిపిస్తే ఎవడిక్కావాలిరా" అనేవాడు. అదీగాక అభిప్రాయం లేక కాదు నేను దాచుకుంది. ఉన్నది అక్కడ చెప్పేది కాదని.

ఆ పుస్తకం మిల్వాకీలో అద్దె కట్టలేక ఇళ్లు పోగొట్టుకున్న ఎనిమిది కుటుంబాల కథ. మాడిసన్ నుంచి గంటన్నర దూరం. డెస్మండ్ ఇక్కడే పీహెచ్‌డీ చేస్తూ, వెళ్లి ఆ పేదల మధ్య కాపురం పెట్టి రాశాడు. 2009 నుంచి 2011 లోపల ఆ ఊళ్లో అద్దెకున్నవాళ్లలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి పైగా బలవంతంగా ఇల్లు మారాల్సి వచ్చిందట. చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. కానీ అందులో అద్దెకిచ్చే ఆవిడ ఒకరుంటారు. ఆవిడ లెక్కలు వేసుకునే పేజీల దగ్గర నేను ఆగిపోయాను. విజయవాడలో మా మేడ మీద రెండు పోర్షన్లు. మా నాన్న పింఛను, ఆ అద్దె, అంతే మా ఇంటి రాబడి. నేను అమెరికా రావడానికి తీసిన అప్పులో కొంత ఆ అద్దెతోనే తీరింది. మూడు నెలలు అద్దె ఎగ్గొట్టి, తాళం పెట్టి పోయినవాళ్లని కూడా చూశాం.

ఆ రోజు ఇక తప్పక అదే చెప్పాను. ఓనరు గురించి కూడా ఆలోచించాలని, నీళ్ల బిల్లు, ఇంటి పన్ను, మరమ్మతులు ఎవరు కడతారని.

గది ఒక్క క్షణం మూగబోయింది. కుర్ర విద్యార్థిని ఒకమ్మాయి నా మీద గట్టిగానే లేచింది. పెద్దాయన మాత్రం నెమ్మదిగా అన్నాడు: "మా ఓనరుకీ అప్పులుండేవి. మాకు తెలుసు. కానీ వానలో తడిసింది మా సామాను." మిల్వాకీలో ఇల్లు ఖాళీ చేయించడానికి షెరీఫ్ (కోర్టు ఉత్తర్వు అమలు చేసే పోలీసు అధికారి) మనుషులు వచ్చినప్పుడు సామాను డబ్బు కట్టి ట్రక్కులో గోడౌనుకి పంపిస్తావా, రోడ్డు పక్కన పెట్టించుకుంటావా అని అప్పట్లో అడిగేవారు. పుస్తకంలో ఉన్న ఆ ప్రశ్న ఆయన చిన్నప్పుడు వాళ్లమ్మ ఎదుర్కొందట.

మన దగ్గర షెరీఫులు రారు అని నాలో నేనే వాదించుకున్నాను. "వచ్చే నెలకి వేరే ఇల్లు చూసుకోండి" అంటే చాలు, వెళ్లిపోతారు. అది దయో, వాళ్లకి కోర్టు దాకా వెళ్లే దారి లేకపోవడమో తేల్చుకోలేకపోయాను. టులెట్ బోర్డు మీద రాయకపోయినా గుమ్మంలో కులం అడిగే సంగతి వేరే.

తర్వాత తెలిసింది, ఈ కార్యక్రమం మొదటి ఏడాదే గొడవతో మొదలైందని. 2009లో మైఖేల్ పోలన్ తిండి గురించి రాసిన పుస్తకం పెడితే, పాడి రైతులు మమ్మల్ని తప్పుబడుతున్నారంటూ రైతుని సమర్థించే నినాదాలున్న పచ్చ టీషర్టులు వేసుకుని ఆయన ఉపన్యాసానికి వచ్చి కూర్చున్నారట. పిలిచినవాళ్లు చిన్నబుచ్చుకోలేదు. ఇది నాకు బాగా నచ్చింది, కొంచెం కుళ్లూ పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పిన ప్రాంతం నాది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు మా నాన్న ఇప్పటికీ కడతారు. అయినా మా మేడ మీది వాళ్లూ మా నాన్నా ఒకే పుస్తకం చదివి ఎదురెదురుగా కూర్చోవడం నేను ఊహించలేను. ఆ నవంబరులో ట్రంప్ గెలిచిన ఎన్నికల ఫలితం వచ్చాక మా ఆఫీసులో ఎవరూ నోరు విప్పలేదు. లైబ్రరీలో మాత్రం ఇంటద్దెల పేరుతో అన్నీ తిట్టుకున్నారు, చివర్లో కుర్చీలు కలిసి మడిచి పెట్టారు.

ఆదివారం ఫోన్లో నాన్నకి పుస్తకం సంగతంతా చెప్పాను. పెద్దాయన మాట కూడా చెప్పాను. మొత్తం విన్నారు.

"అడ్వాన్సు ఎన్ని నెలలది తీసుకునేదట ఆవిడ?" అన్నారు.