స్మార్ట్ కళ్ళజోడులో వేడి, రేడియో గోల: తిరుపతి ఎండలో నా అనుభవం

కర్తరి రోజుల్లో తిరుపతిలో మిద్దె మీద నీడలోనే గాలి 40 డిగ్రీలు దాటుతుంది. కణతకు ఆనుకుని గంటల తరబడి ఉండే కాడ ఉపరితలం 43 డిగ్రీలు మించకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. అంటే లోపలి వేడి బయటికి పోవడానికి మిగిలింది 3 డిగ్రీల తేడా. నేను తయారుచేసుకున్న స్మార్ట్ కళ్ళజోడు డిజైన్ మొత్తాన్ని నడిపించింది ఈ ఒక్క అంకె.

లెక్క ఇలా వేశాను. కాడ పొడవు 110 మిల్లీమీటర్లు, ఎత్తు 12, మందం 6. తలకు ఆనే వైపు తీసేస్తే గాలికి తగిలే వైశాల్యం సుమారు 26 చదరపు సెంటీమీటర్లు. ఫ్యాన్ లేని ఇంత చిన్న వస్తువుకు గాలి, వికిరణం కలిపి చదరపు మీటరుకు, డిగ్రీకి 10 వాట్లు అనుకోవచ్చు. 28 డిగ్రీల ఏసీ గదిలో ఒక్కో కాడ 390 మిల్లీవాట్లు వదలగలదు. 40 డిగ్రీల నీడలో 78 మాత్రమే. డిస్‌ప్లే, ప్రాసెసర్, రేడియో కలిపి నా బోర్డు తినేది 700 మిల్లీవాట్లు. రెండు కాడలకూ పంచితే గదిలో సరిపోతుంది, మే నెల బయట సరిపోదు.

ఇక నేరుగా ఎండ. కాడ పక్కభాగం 13 చదరపు సెంటీమీటర్లు. నల్ల ప్లాస్టిక్ మీద చదరపు మీటరుకు 800 వాట్ల ఎండ పడితే, అది పీల్చుకునేది దాదాపు 1 వాటు, మన సర్క్యూట్ మొత్తం కంటే ఎక్కువ. తెల్ల పెయింట్ ఎండలో నాలుగో వంతో, కాస్త ఎక్కువో మాత్రమే పీల్చుకుంటుంది, లోపలి వేడిని వదలడంలో మాత్రం నలుపుకు తీసిపోదు. అందుకే వేడిని పరిచే ఖరీదైన గ్రాఫైట్ షీట్ కంటే ముందు రంగు మార్చాను. ఈ ఊళ్ళో బయట వాడే జోడు నల్లగా ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

కొలతల్లో ఒక జాగ్రత్త. థర్మల్ కెమెరా మెరిసే లోహాన్ని తప్పుగా చూపిస్తుంది. చిప్‌ల రేడియో రొద బయటికి పోకుండా కప్పే లోహపు షీల్డ్ మూత 60 డిగ్రీల్లో ఉన్నా 35 అని చూపవచ్చు. చూడాల్సిన చోట నల్ల టేపు ముక్క అతికించి చూడాలి. కణత వైపు మాత్రం వేడిని తాకి కొలిచే సన్నని తీగ, కె టైప్ థర్మోకపుల్‌నే నమ్మాను. తలకు బదులు 34 డిగ్రీల నీళ్ళు నింపిన సీసాకు కాడను ఆనించి, అంకె నిలకడకు వచ్చేదాకా, అంటే కనీసం 30 నిమిషాలు ఆగాను. ఐదు నిమిషాలకే కొలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

వేడిని ప్రాసెసర్ దగ్గర నుంచి కాడ పొడవునా పరచడానికి 25 మైక్రాన్ల గ్రాఫైట్ షీట్ వేశాను. పొడవు వెంట అది రాగి కంటే మూడు నాలుగు రెట్లు బాగా వేడిని మోస్తుంది, మందం గుండా మాత్రం చాలా తక్కువ. కాబట్టి అతికించేటప్పుడు గాలి బుడగ ఒక్కటి మిగిలినా ఫలితం పోతుంది. కత్తిరించిన అంచు నుంచి రాలే పొడి కరెంటును మోస్తుంది. అంచులు ఫిల్మ్‌తో మూయకపోతే బోర్డు మీద షార్ట్ అవుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. షీట్ వేశాక వేడి 5 డిగ్రీలు తగ్గింది, బ్లూటూత్ అందే దూరం సగానికి పడిపోయింది. గ్రాఫైట్ కూడా విద్యుత్ వాహకమే. యాంటెన్నా పక్కకు రాగానే దాని ట్యూనింగ్ 2.45 గిగాహెర్ట్జ్ నుంచి పక్కకు జరిగింది. పైగా దేనికీ కలపని షీట్, కింద ఉన్న బక్ కన్వర్టర్ (వోల్టేజి తగ్గించే సర్క్యూట్) రొదను అందుకుని తానే ప్రసారం చేస్తోంది. ఒక్కచోట గ్రౌండ్‌కు, అంటే బోర్డు సున్నా వోల్టేజి పొరకు కలిపితే ఇంకా ప్రమాదం. ఒక కొస గ్రౌండై, రెండో కొస గాలిలో వేలాడే 110 మిల్లీమీటర్ల వాహకం 680 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగ యాంటెన్నా అవుతుంది. షీట్‌ను యాంటెన్నాకు 8 మిల్లీమీటర్ల ముందే ఆపి, ప్రతి 15 మిల్లీమీటర్లకు ఫిల్మ్‌లో కిటికీ తెరిచి, కండక్టివ్ బట్ట టేపుతో గ్రౌండ్‌కు కలిపాక రెండూ కుదిరాయి. చివరి 8 మిల్లీమీటర్ల కోసం 1 డిగ్రీ వదులుకున్నాను.

డిస్‌ప్లే లింకు మరో దొంగ. డిస్‌ప్లేకు బొమ్మ డేటా మోసే మిపీ లేన్ 800 మెగాబిట్ల వేగంలో నడిస్తే క్లాక్ 400 మెగాహెర్ట్జ్. దాని ఆరో హార్మోనిక్, అంటే ఆరు రెట్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే రొద, సరిగ్గా 2400, బ్లూటూత్ మొదటి ఛానల్ 2402. వేగాన్ని 760కి దించితే క్లాక్ 380 అయి, ఆరోది 2280కీ ఏడోది 2660కీ పోతాయి. బ్యాండు ఖాళీ అవుతుంది. రిఫ్రెష్ కొంచెం తగ్గుతుంది, కంటికి తెలియదు. పైసా ఖర్చులేని ఈ మార్పు ముందే చేసి ఉంటే రేడియో రొదను పీల్చే ఫెరైట్ షీట్ల అవసరమే వచ్చేది కాదు.

కీలు గుండా పోయే ఫ్లెక్స్ కేబుల్‌కు సిగ్నల్ తీగల జతల పక్కన గ్రౌండ్ తీగలు, పైన షీల్డ్ ఫిల్మ్ ఉండాలి. ఆ ఫిల్మ్ రెండు కొసల్లోనూ గ్రౌండ్‌కు తగలాలి. కీలు లోహాన్నీ వదిలేయకూడదు, చిన్న స్ప్రింగుతో గ్రౌండ్‌కు కలపాలి.

షీల్డ్ డబ్బా రేణిగుంట వైపు ఫోన్ల బోర్డులతో పనిచేసేవాళ్ళకు తెలిసిందే. ఇక్కడ పొరపాటు చిప్ వేడిని మూతకు చేర్చే థర్మల్ ప్యాడ్‌తో వస్తుంది. 0.4 మిల్లీమీటర్ల సందులో 0.5 మెత్తటి ప్యాడ్ చాలు. గట్టి ప్యాడ్ పెడితే మూత ఒక పక్క లేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌కు 6 మిల్లీమీటర్ల చీలిక కూడా లీకే. చిప్ చల్లబడిందని సంతోషించేలోపు రేడియో చెడుతుంది. ఒక్కో మార్పు తర్వాత థర్మోకపుల్, చిన్న లూప్ ప్రోబ్ పెట్టిన స్పెక్ట్రమ్ ఎనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత రొద ఉందో చూపేది), రెండూ చూడాలి.

మిగిలింది సాఫ్ట్‌వేర్ పని. ఎండలో బొమ్మ కనబడాలంటే వెలుతురు పెంచాలి, వేడికి చోటు లేనిదీ అప్పుడే. ఓఎల్ఈడీలో వెలిగే చుక్కలకే కరెంటు కాబట్టి బయట నల్ల నేపథ్యంపై అక్షరాలు మాత్రమే, పదో వంతు చుక్కలకు మించకుండా చూపిస్తాను. కాడ లోపల వేడి కొలిచే థర్మిస్టర్ 41 డిగ్రీలు చూపగానే కెమెరా ఆగుతుంది, 42కి వైఫై, 43కి డిస్‌ప్లే. లిథియం సెల్‌ను 45 డిగ్రీలు దాటాక ఛార్జి చేయకూడదు. ఎండలో ఆపిన కారులో వదిలేసిన జోడును ఇంటికి తెచ్చి వెంటనే ప్లగ్ పెట్టినా ఛార్జి మొదలుకాకుండా ఆ హద్దును ఛార్జర్ చిప్‌లోనే పెట్టాను, సాఫ్ట్‌వేర్‌కు వదల్లేదు.