మొదటి పోటీకి ముందు మా గుర్రానికి కళ్లెం వెతికిన మూడు నెలలు

పందేలు మాన్పించిన ఐదేళ్ల థరోబ్రెడ్ గుర్రం ఒకటి కిందటేడు నా చేతికి వచ్చింది. బూడిద రంగుది కాబట్టి మేఘం అని పేరు పెట్టుకున్నాను. చలికాలం పోటీల్లో దాన్ని ప్రారంభ స్థాయి డ్రస్సాజ్‌కూ (గుర్రం చేత నిర్ణీత కదలికలు చేయించి చూపే పోటీ), 80 సెంటీమీటర్ల జంపింగ్‌కూ దింపాలని నా ఆశ. నడకలో, ట్రాట్‌లో (నెమ్మది పరుగు) ఎంతో బుద్ధిగా ఉండే గుర్రం, కాంటర్‌లో (అంతకన్నా వేగమైన దౌడు) ఎడమవైపు తిరగగానే తల ఎగరేసి, నోరు తెరిచి, పగ్గాలను నా చేతుల్లోంచి లాక్కునేది.

హైదరాబాదు శివార్లలో నేను సవారీ చేసే చోట అనుభవం ఉన్నవాళ్లు చాలామంది పెలమ్ గాని, మూడు రింగుల గ్యాగ్ గాని వేయమన్నారు; రెండూ గుర్రం నోటి మీద ఒత్తిడి పెంచే గట్టి కళ్లేలు. జంపింగ్‌లో వాటికి అభ్యంతరం లేదు కాని, ప్రారంభ స్థాయి డ్రస్సాజ్‌కు మామూలు స్నాఫిల్, అంటే పగ్గాలు నేరుగా రింగులకు తగిలించే సాదా కళ్లెం మాత్రమే పనికివస్తుంది. నియమాల సంగతి అలా ఉంచినా నాకు మనసొప్పలేదు. పందెంలో జాకీ పగ్గాలు బిగించి పట్టుకుంటే ఆ పట్టు మీదే బరువు వేసి పరుగెత్తడం గుర్రానికి అలవాటవుతుంది; అలాంటి గుర్రం లాగుతున్నదని మరింత గట్టిగా లాగే సాధనం తగిలిస్తే అది నేర్చుకునేది ఏముంటుంది?

దారి చూపింది మా సైసు. ముప్పై ఏళ్లుగా గుర్రాల మధ్య బతికిన ఆ పెద్దాయన కళ్లేన్ని దహానా అంటాడు. "దహానా మార్చుడు తర్వాత చూద్దాం బిడ్డా, ముందుగాల దాని నోరు డాక్టరుకు చూపియ్యి" అన్నాడు.

పశువైద్యుడు మత్తు ఇచ్చి, నోరు తెరిపించి, దీపం వేసి నన్ను కూడా చూడమన్నారు. పై దవడలో ఎడమవైపు, మొదటి దవడపంటికి సరిగ్గా ముందు, శనగగింజంత పన్ను ఒకటి ఉంది. గుర్రాలవాళ్లు వుల్ఫ్ టూత్ అనేది దాన్నే. దాని వెనక దవడపళ్ల అంచులు పదునెక్కి, బుగ్గ లోపల పుండు చేశాయి. ఎడమ పగ్గం తగిలిన ప్రతిసారీ కళ్లెం ఆ పంటిని నొక్కుతుంటే తల ఎగరేయక ఏం చేస్తుంది? నేను దాన్ని మొండితనం అనుకున్న రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. రెండున్నరేళ్ల నుంచి ఐదేళ్ల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తూనే ఉంటాయి కాబట్టి, ఆ వయసు గుర్రానికి నిరుడు సరిపోయిన కళ్లెం ఈ ఏడు సరిపోతుందన్న నమ్మకం లేదు. ఆ చిన్న పన్ను తీసి, అంచులు ఆకురాయితో అరగదీశాక, రెండు వారాలు నోట్లో ఏమీ పెట్టకుండా, ముక్కు మీద మాత్రమే పట్టు ఉండే కావెసన్‌తోనే తిప్పాను.

ఆ తర్వాతే కళ్లెం గురించి ఆలోచించాను. అప్పటిదాకా వేస్తున్నది 18 మిల్లీమీటర్ల లావున్న, మధ్యలో ఒకే కీలు ఉన్న స్నాఫిల్. లావైతే మెత్తగా ఉంటుందన్నది అందరిలాగే నా నమ్మకం కూడా. వైద్యుడు నా చేత రెండు వేళ్లు పెదవి పక్కనుంచి లోపలికి, పళ్లు లేని చిగురు మీద, సరిగ్గా కళ్లెం ఆనే చోట పెట్టించి నోరు మూయించారు. పైన అంగిలి, కింద మందమైన నాలుక నా వేళ్లను బాగా నొక్కాయి. అంత ఇరుకులో లావుపాటి ఇనుము ఎలా ఇముడుతుంది? దారం పెట్టి పెదవి మూల నుంచి మూలకు కొలిస్తే 122 మిల్లీమీటర్లు వచ్చింది. పాత కళ్లెం వెడల్పు 140. అది పక్కకు జారుతూ, కీలు నాలుక మీదికి వాలుతూ ఉండేదన్నమాట.

ఒక్కో కళ్లేనికి పది రోజులు చొప్పున ఇచ్చి, రోజూ నోటుపుస్తకంలో రాసుకున్నాను. కీలు లేని రబ్బరు కళ్లేన్ని బాగా నమిలింది కాని, దాని మీద బరువంతా వేసి నా భుజాలు లాగేసింది. తర్వాత 14 మిల్లీమీటర్ల మందంతో, మధ్యలో గుండ్రటి ముక్క ఉన్న మూడు ముక్కల లూజ్ రింగ్ పెట్టాను. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య డ్రస్సాజ్ నియమాల్లో యువ గుర్రాల స్నాఫిల్‌కు చెప్పిన కనీస మందం కూడా అదే. బరువు వేయడం మానింది కాని, తిరిగే రింగులు పెదవి మూలను నొక్కిన ఎర్రటి గీత కనిపించింది. రబ్బరు బిళ్లలు అడ్డం పెడదామంటే జంపింగ్‌లో సరే గాని, డ్రస్సాజ్‌లో పెట్టనివ్వరు. చివరికి అదే మూడు ముక్కల నమూనాలో, రింగులు కదలని ఎగ్‌బట్, 127 మిల్లీమీటర్లది తెచ్చి, పెదవి మూలన ఒక ముడత మాత్రమే పడేలా బిగించాను. నాలుగో రోజు ఎడమవైపు కాంటర్‌లో మెడ దించి, కళ్లేన్ని నెమ్మదిగా చప్పరించడం మొదలుపెట్టింది. ముక్కుపట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచాను, నోరు బలవంతంగా మూయిస్తే ఇదంతా నాకు కనిపించేదే కాదు.

పోటీకి ముందు రెండుసార్లు వేరే మైదానానికి తీసుకెళ్లి, కొత్త గుర్రాల మధ్య అదే కళ్లెంతో తిప్పాను. పోటీనాడు వార్మప్‌లో ఉలికిపడి లాగింది. ఎవరో గ్యాగ్ అరువిస్తామన్నారు. వద్దని చెప్పి, ఇరవై నిమిషాలు నడకలోనూ ట్రాట్‌లోనూ పెద్ద వలయాలు తిప్పాను. డ్రస్సాజ్‌లో ఒక్కసారే తల ఎత్తింది. జంపింగ్‌లో ఒక కడ్డీ పడింది, అది నేను తొందరపడి ముందుకు వంగినందువల్ల.

సాయంత్రం సైసు కళ్లెం తీసి, పెదవి మూలలు వేలితో తెరిచి చూపించాడు. రెండువైపులా లేత గులాబీ రంగు, ఎక్కడా గీత లేదు. ఆరు నెలలకు పళ్లు మళ్లీ చూపించాలని నోటుపుస్తకంలో రాసుకుని ఇంటికి వచ్చాను.