ట్యూబ్‌లైట్ల కింద ఆంటొనీ

శనివారం, రాత్రి పదకొండున్నర.

కాళ్ళు లాగేస్తున్నాయి. మధ్యాహ్నం లండన్‌లో, షేక్‌స్పియర్ కాలంనాటి నాటకశాలని పోలి మళ్ళీ కట్టిన గ్లోబ్‌లో నాటకమంతా నిలబడే చూశాను, అక్కణ్ణుంచి సరాసరి రిహార్సల్‌కి. ఇప్పుడు బకెట్లో వేణ్ణీళ్ళు పోసుకుని, కాళ్ళు అందులో పెట్టి రాస్తున్నా. పడుకుంటే తెల్లారేసరికి సగం మర్చిపోతాను.

పొద్దుట్నుంచీ ముసురే. నిలబడేవాళ్ళకి నెత్తిన కప్పు ఉండదు, గొడుగు తెరవనివ్వరు. రెయిన్‌కోటు తగిలించుకుని సెయింట్ పాల్స్ దగ్గర దిగి మిలేనియం బ్రిడ్జి మీదుగా నడిచాను. వంతెన దిగుతుండగానే తెల్లగోడలూ గడ్డికప్పూ కనబడతాయి. 1666 అగ్నిప్రమాదం తర్వాత లండన్‌లో గడ్డికప్పు వేయనిచ్చింది మళ్ళీ దీనికే. దీన్ని కట్టించడానికి ఏళ్ళ తరబడి తిరిగిన అమెరికన్ నటుడు శామ్ వానమేకర్ 1993లో పోయాడు. తలుపులు తెరిచింది 1997లో. అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ ఆ నాలుగేళ్ళూ గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది.

ఇవాళ ఆట షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్'. మా బృందం వచ్చే నెల ఆడబోయేదీ అదే, అందుకే పట్టుబట్టి టికెట్ తీసుకున్నాను. 1599 సెప్టెంబరు 21న థామస్ ప్లాటర్ అనే స్విట్జర్లాండ్ యాత్రికుడు భోంచేసి, రెండు గంటల వేళ థేమ్స్ దాటి, గడ్డికప్పు నాటకశాలలో ఈ సీజర్ కథే చూశానని రాసి పెట్టుకున్నాడు. సుమారు పదిహేనుమంది బాగా ఆడారట, ఆట అయ్యాక ఇద్దరు మగ దుస్తుల్లో, ఇద్దరు ఆడ దుస్తుల్లో డాన్సు చేశారట. నాలుగు వందల ఏళ్ళ తర్వాత నాకు ఇంత పనికొస్తుందని ఆయన అనుకుని ఉంటాడా! మా వాళ్ళు పన్నెండుమందే. పదిహేనుమందితో రోమ్ నగరమంతా నిలబడితే పన్నెండుమందితోనూ నిలబడుతుందన్న ధైర్యం నాకు అక్కణ్ణుంచే వచ్చింది.

హత్యకి గురైన సీజర్ శవం దగ్గర, అతని స్నేహితుడు ఆంటొనీ జనంతో మాట్లాడే ఘట్టం వచ్చింది. నటుడు స్టేజి అంచుకి వచ్చి ఒక మోకాలు కింద పెట్టి కూర్చున్నాడు. నాకూ అతనికీ మధ్య రెండు గజాలు కూడా లేదు. జుట్టులోంచి వాన చుక్క జారి చెంప మీదికొచ్చినా తుడుచుకోలేదు. బీదవాళ్ళు ఏడిస్తే సీజర్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, ఇదేనా పదవీకాంక్ష అని అడిగాడు. నా పక్కన పదేళ్ళ పిల్లాడు, పసుపుపచ్చ రెయిన్‌కోటు వాడు, కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నటుడు అది చూశాడు. ఒక్క క్షణం వాడి ముఖంలోకే చూసి, ఆ తర్వాతే రెండో మాట అందుకున్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ పిల్లాడు అప్పుడు రోమ్ పౌరుడే.

ఇదంతా వెలుతురు మహిమ. గ్లోబ్‌లో రాత్రి ఆటకైనా స్టేజికీ జనానికీ ఒకే వెలుగు వేస్తారు, మధ్యాహ్నంలా ఉండాలని. జనాన్ని చీకట్లో కూర్చోబెట్టడం పందొమ్మిదో శతాబ్దం సంగతి. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో ఒపేరా స్వరకర్త వాగ్నర్, ఆ తర్వాత ఇక్కడ లైసియం థియేటర్‌లో నటుడు హెన్రీ ఇర్వింగ్ ఆ అలవాటు బలపడేలా చేశారు. ఈ నాటకం అంతకు రెండున్నర శతాబ్దాలకి పైగా ముందుది. ఎదుటివాడి కళ్ళలోకి చూసి అడగడానికి రాసిన మాటల్ని మనం చీకట్లోకి విసురుతున్నాం.

చిన్నప్పుడు తిరనాళ్ళలో నాన్న భుజం మీద కూర్చుని చూసిన 'సత్య హరిశ్చంద్ర' గుర్తొచ్చింది. పెట్రోమాక్స్ లైటు వెలుగు ముందు వరసల మీద కూడా పడేది. హరిశ్చంద్రుడు కాటి సీనులో పద్యం ఎత్తుకుని మా వైపే చూసేవాడు, 'వన్స్ మోర్' అంటే మళ్ళీ పాడేవాడు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది, ఆ కాటి పద్యాలు జాషువా గారివి. నటులే తెచ్చి కలుపుకున్నారు, జనం గుండెకి హత్తుకున్నారు. పాత నాటకం బతకడమంటే నాకు అర్థమైంది అక్కడే. 2012లో గ్లోబ్‌లో షేక్‌స్పియర్ నాటకాలు ముప్పై ఏడు, ముప్పై ఏడు భాషల్లో ఆడారు. హిందీ, గుజరాతీ, బెంగాలీ, ఉర్దూ అన్నీ ఉన్నాయి, తెలుగు లేదు. ఆ వెలితి నాకు ఇంకా తీరలేదు.

సాయంత్రం రిహార్సల్‌లో మొదట దుస్తుల గొడవే. పాత రోమన్లు చుట్టుకునే టోగాలా, సూట్లా? సూట్లే అని తేల్చేశాను. షేక్‌స్పియర్ రోజుల్లో నటులు తమ కాలపు బట్టలే కట్టారు. నాటకంలోని ఈ రోమ్‌లో, అప్పటికి లేని గడియారం గంటలు కూడా కొడుతుంది. దానిమీద ఇక చర్చ పెట్టను. కవి సిన్నా సీను తీసేద్దామని ఇద్దరన్నారు, నిడివి తగ్గుతుందని. ససేమిరా అన్నాను. సీజర్ హంతకుల్లో ఒకడితో పేరు కలిసిన పాపానికి ఒక అమాయకుణ్ణి జనం చీల్చేసే సీను అది. 1937లో న్యూయార్క్‌లో దర్శకుడు ఆర్సన్ వెల్స్ మామూలు బట్టలతో ఈ నాటకం ఆడించినప్పుడు చూసినవాళ్ళని కుదిపేసింది ఆ చిన్న సీనే.

అప్పుడు హాల్లో లైట్లన్నీ వేయమన్నాను. మా ఆంటొనీ మొదలుపెట్టి నాలుగు లైన్లకే ఆగిపోయాడు. రెండు నెలలుగా అతను చీకట్లో తలుపు మీది ఆకుపచ్చ 'ఎగ్జిట్' బోర్డుని చూస్తూ చెప్పాడట. ఇవాళ ముఖాలు కనబడేసరికి మాట రాలేదు. "ఇప్పుడు నిజంగా అడగాలి కదా," అన్నాడు మెల్లగా. రెండోసారి, కుట్రదారుల్లో ఒకడైన కాసియస్ వేషం వేస్తున్న పోలండ్ అమ్మాయి కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. గొంతు తగ్గింది, మాట దగ్గరికొచ్చింది.

లైటింగ్ చూసే అతను మాత్రం మాట్లాడకుండా కూర్చున్నాడు. మూడు వారాలు రాత్రిళ్ళు మేలుకుని ఆ ఘట్టానికి లైటింగ్ ప్లాన్ గీశాడు పాపం. పక్కన కూర్చుని సంగతంతా చెప్పాను. పసుపు రెయిన్‌కోటు పిల్లాడి గురించి కూడా. చాలాసేపు పైకప్పు వైపే చూసి, "మూడో వరసలో రెండు ట్యూబులు కొట్టుకుంటున్నాయి, సోమవారం నిచ్చెన తెస్తాను," అన్నాడు.